పాపాయి పాకే చోటే... గొంగళి పురుగూ!

తొలకరి జల్లు పడితే రైతుకు పండగ. పుడమిలో దాక్కున్న పురుగుకూ అంతే! పొలం గట్టు దాటి, పెరటి గోడెక్కి, వాకిట్లో చాప దాకా వచ్చేస్తుంది. అక్కడ... దొరికిందల్లా నోట్లో పెట్టుకునే బుజ్జాయి సిద్ధంగా ఉంటాడు!

వాకిట్లో చాప పరిచి ఉంది. దాని మీద పది నెలల బుడతడు. పక్కనే నానమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. పిల్లాడు మెల్లగా చాప దిగి మునగచెట్టు మొదలు దాకా పాకాడు. 'ఆడుకుంటున్నాడులే' అనుకుందామె. అంతలోనే గుక్కపట్టి ఏడుపు! తలెత్తి చూస్తే పెదవులు ఎర్రగా కందిపోయాయి. చొంగ ధారగా కారుతోంది. గుప్పిట్లో నూగునూగుగా సగం పురుగు!

"అయ్యో బిడ్డా! ఏం వెట్టుకున్నవ్‌రా నోట్ల!" అంటూ ఆమె గబగబా వేలు పెట్టి గెలకబోయింది...

ఇది ఫలానా ఇంటి కథ కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పాకే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా జరగగలిగే సంగతి. ఆ కంగారులో పెద్దవాళ్లు చేసే మొదటి పని నోట్లో వేలు పెట్టడం. ప్రేమతోనే పెడతారు. కానీ సరిగ్గా అదే చేయకూడని పని! ఎందుకో తెలియాలంటే ముందు ఆ పురుగు సంగతి తెలియాలి.

ఒంటినిండా గొంగడి

పాలమూరు వాళ్లకు గొంగడి గురించి కొత్తగా చెప్పాలా? గొర్ల కాపరి భుజాన ఉండే ఆ నల్ల ఉన్ని కంబళి వంటికి తగిలితే ఎలా గుచ్చుకుంటుందో అందరికీ తెలుసు. ఒంటినిండా అలాంటి నూగే ఉంటుంది కాబట్టి దానికి గొంగళి పురుగని పేరు. కొన్నిచోట్ల కంబళి పురుగంటారు. బొంత పురుగనీ పిలుస్తారు. పేరేదైనా తంటా వెంట్రుకలతోనే.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుసెనగ, ఆముదం సాగు తరతరాలుగా ఉంది. ఆ రెండు పైర్లంటే ఎర్ర గొంగళి పురుగుకు మహా ఇష్టం. దీని జీవితం చిత్రంగా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం కోశస్థ దశలో మట్టిలోనే నిద్రపోతుంది. పొలం గట్ల మీద, చెట్ల నీడన జానెడు లోతులోపే ఉంటుంది. తొలకరిలో గట్టి వాన పడి నేల తడవగానే తెల్లటి రెక్కల పురుగులు బయటికొస్తాయి. ఆకుల అడుగున గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు ఆకుల్ని గీకి తింటాయి. పెరిగాక ఒక చేను ఖాళీ చేసి మరో చేనుకు దండుగా కదులుతాయి. దారిలో ఇల్లుంటే ఇంట్లోకీ వస్తాయి!

ఇక పెరట్లో మునగచెట్టు ఉంటే చెప్పనక్కర్లేదు. వానాకాలంలో కాండాన్ని అంటిపెట్టుకుని బొంత పరిచినట్టు గొంగళి పురుగులు కనిపిస్తాయి. రాత్రిళ్లు ఎక్కి ఆకులు తింటాయి. పగలంతా కింద కాండం మీద గుంపుగా కూర్చుంటాయి. సరిగ్గా పాకే పిల్లాడి చేతికి అందే ఎత్తులో అన్నమాట!

పిల్లలకు అదో బొమ్మ

పాపాయికి ఎనిమిది నెలలు దాటాక పాకడం వస్తుంది. తొమ్మిది, పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువుల్ని ఒడుపుగా పట్టుకోవడమూ వచ్చేస్తుంది. ఏది దొరికినా నేరుగా నోట్లోకే! ఆ వయసులో పిల్లలు లోకాన్ని తెలుసుకునేది నోటితోనే. ఇది చెడ్డ అలవాటు కాదు, ఎదుగుదలలో భాగం.

ఇప్పుడు వాళ్ల కళ్లతో గొంగళి పురుగును చూడండి. మెత్తగా ఉంటుంది. రంగురంగులుగా ఉంటుంది. మెల్లగా కదులుతుంది. ఈగలా ఎగిరిపోదు, చీమలా పరుగెత్తదు. ఇంతకన్నా మంచి బొమ్మ ఏముంటుంది!

మరో సంగతి. ఈ మూడు జిల్లాల్లో పొలం పనుల రోజుల్లో తల్లి కూలికి వెళ్తే బిడ్డ పొలానికైనా వెళ్తుంది, లేదా ఇంట్లో ముసలివాళ్ల దగ్గరైనా ఉంటుంది. గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి చేలల్లో పూలకు పరపరాగ సంపర్కం చేసే పని వారాల తరబడి సాగుతుంది. చెట్టుకు చీరతో తొట్టెల కట్టి బిడ్డను పడుకోబెట్టడం ఇక్కడ మామూలే. ఆ చెట్టు మీద ఏముందో ఎవరు చూస్తారు? ఇది తల్లుల తప్పు అనడానికి కాదు... పురుగుకు, పసివాడికి మధ్య దూరం ఎంత తక్కువో చెప్పడానికే.

వెంట్రుక కాదు... ముల్లు!

గొంగళి పురుగు కరవదు. దాని ఆయుధాలు ఆ వెంట్రుకలే. సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని జాతుల్లో వాటికి బాణం ములుకుల్లా చిన్నచిన్న కొక్కేలు ఉంటాయి. గుచ్చుకున్నాక ముందుకే కదులుతాయి కానీ వెనక్కి రావు. కొన్ని జాతుల్లో ఆ వెంట్రుకలు లోపల బోలుగా ఉండి, విరిగినప్పుడు మంట పుట్టించే రసాన్ని వదులుతాయి. చర్మానికి తగిలితేనే దద్దుర్లు లేస్తాయి కదా... నాలుక, బుగ్గల లోపలి పొర, అంగిలి ఎంత మెత్తగా ఉంటాయి! వందల కొద్దీ వెంట్రుకలు ఒక్కసారిగా దిగబడతాయి.

అందుకే పురుగు నోట్లోకి వెళ్లిన పిల్లల్లో చాలావరకు ఒకే తరహా లక్షణాలు కనిపిస్తాయి. ఆగకుండా ఏడుపు. మింగలేక చొంగ కార్చడం. పాలు, నీళ్లు పట్టబోతే తల తిప్పేసుకోవడం. పెదవులు, నాలుక వాచడం. నోటి చుట్టూ దద్దుర్లు. దగ్గు, వాంతి రావచ్చు. ఎక్కువమందిలో ఇబ్బంది నోటి వరకే ఉండి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

భయపడాల్సింది ఎప్పుడంటే... వాపు గొంతు దిగువకు పాకినప్పుడు. పసిపిల్లల శ్వాసమార్గం చాలా సన్నం. అక్కడ కొద్దిపాటి వాపు వచ్చినా గాలి ఆడదు. ఊపిరి పీల్చినప్పుడు 'కీచు'మని శబ్దం రావడం, గొంతు బొంగురుపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోవడం, పెదవులు నీలంగా మారడం... వీటిలో ఏది కనిపించినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి పిల్లాడు మగతగా, వాడిపోయినట్టుగా అయిపోయినా అంతే. అది తీవ్రమైన అలర్జీ కావచ్చు.

ఆ వేలు ఎందుకు వద్దంటే...

ఇప్పుడు నానమ్మ వేలి సంగతికి వద్దాం. నోట్లో కనిపించకుండా గెలికితే మూడు అనర్థాలు. నాలుక మీద పైపైన ఉన్న వెంట్రుకలు లోతుగా దిగబడతాయి. పురుగు ముక్క గొంతులోకి జారుతుంది. అది శ్వాసమార్గానికి అడ్డం పడితే అసలు ప్రమాదం మనమే తెచ్చినట్టు!

వాంతి చేయించడమూ తప్పే. లోపలికి వెళ్లిన వెంట్రుకలు తిరుగు ప్రయాణంలో మరోసారి గొంతును గాయపరుస్తాయి. ఉప్పునీళ్లు తాగించడం అసలే వద్దు. 'అన్నం ముద్దతో, అరటిపండుతో లోపలికి తోసేద్దాం' అనుకోవడం చేపముల్లు విషయంలో చాలామందికి అలవాటైన చిట్కా. ఇక్కడ అది కూడా పనికిరాదు. పైగా ఆస్పత్రిలో మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు నిండి ఉండటం ఇబ్బంది. తల్లిపాలు కూడా డాక్టరు చూసేదాకా ఆపడం మంచిది.

మరి చేయాల్సిందేమిటి? పురుగు పెదాల దగ్గర కంటికి స్పష్టంగా కనిపిస్తుంటే గుడ్డ అడ్డం పెట్టుకునో, పట్టకారుతోనో మెల్లగా తీసేయాలి. ఉత్తి చేతుల్తో ముట్టుకోకూడదు. బిడ్డ అరచేతుల్ని రుద్దకుండా నీళ్లధారతో కడగాలి. లేదంటే అవే చేతుల్తో కళ్లు నులుముకుంటాడు! ఒంటి మీద వెంట్రుకలు అంటితే అతికే టేపును మెత్తగా అద్ది తీస్తే చాలావరకు వచ్చేస్తాయి. బట్టలు మార్చాలి. దురద పెట్టిన చోట సున్నం, బూడిద, పేడ లాంటివి రాయకూడదు. బిడ్డను పడుకోబెట్టకుండా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాలి. మిగిలిన పురుగు ముక్కను పుల్లతో తీసి సీసాలో వేసి తీసుకెళ్లండి. లేదా సెల్‌ఫోనులో ఫొటో తీయండి. అదేం పురుగో తెలిస్తే డాక్టరుకు సగం పని తేలిక.

ఒకవేళ పురుగు అడ్డంపడి బిడ్డ ఏడవలేక, దగ్గలేక ఉక్కిరిబిక్కిరైతే అది వేరే సంగతి. ఏడాదిలోపు పాపాయిని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మధ్యలో అరచేత్తో అయిదుసార్లు తట్టాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కాలి. సాయం వచ్చేదాకా ఇలా మార్చిమార్చి చేయాలి.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

డాక్టరు మొదట చూసేది నోరు కాదు, ఊపిరి! శ్వాస తేలిగ్గా ఆడుతోందా, రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉందా అని పరీక్షిస్తారు. గొంతులో వాపు ఉంటే ఆక్సిజన్ పెట్టి, అడ్రినలిన్ మందును ఆవిరిలా నెబ్యులైజర్ ద్వారా పీల్పిస్తారు. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తారు. ఒళ్లంతా అలర్జీ కమ్మితే తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ప్రాణం నిలబెట్టే మందు అదే. దద్దుర్లు, దురద తగ్గడానికి యాంటీహిస్టమిన్, నొప్పికి మరో మందు ఉంటాయి. మింగలేని బిడ్డకు సెలైన్ ఎక్కిస్తారు.

ఆ తర్వాత వెంట్రుకల పని. మంచి వెలుతురులో, భూతద్దం సాయంతో సన్నని పట్టకారు పట్టుకుని ఒక్కో వెంట్రుకా తీస్తారు. పెదవుల మీద, నాలుక కొసన ఉన్నవైతే తేలిగ్గానే వస్తాయి. మరి నాలుక మొదట్లో, అంగిలి వెనక, కొండనాలుక దగ్గర ఉంటే? ఏడుస్తూ గింజుకునే పసివాడి నోట్లో ఆ పని కుదరదు. అప్పుడు మత్తు డాక్టరు సాయం కావాలి. ఆపరేషన్ థియేటర్లో బిడ్డకు మత్తిచ్చి ఈఎన్‌టీ వైద్యులు లారింగోస్కోపుతో గొంతును పరిశీలిస్తారు. లక్షణాలు తీవ్రంగా ఉంటే అన్నవాహికలోకీ ఎండోస్కోపు పంపి చూస్తారు.

అలాగని మింగిన ప్రతి బిడ్డకూ గొట్టం వేయరు. అన్నవాహికలో దిగబడ్డ సన్నని వెంట్రుకల కోసం మరీ గాలిస్తే ఆ ప్రయత్నమే గాయం చేయొచ్చు. అందుకే బిడ్డ చక్కగా ఊపిరి తీసుకుంటూ, మెల్లగా పాలు తాగుతుంటే కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉంచి గమనించి పంపించేస్తారు. 'ఏమీ చేయలేదు' అని తల్లిదండ్రులు నొచ్చుకోవాల్సిన పనిలేదు. గమనించడమూ వైద్యమే!

ఇంకో సంగతి... పురుగు వెంట్రుకలు ఎక్స్‌రేలో కనిపించవు. అయినా కొన్నిసార్లు ఎక్స్‌రే తీస్తారు. ఎందుకంటే ఎవరూ చూడనప్పుడు బిడ్డ ఏం మింగాడో కచ్చితంగా తెలియదు. హఠాత్తుగా చొంగ కారుస్తూ ఏడ్చే బిడ్డ గొంతులో బొమ్మల్లో వాడే బిళ్ల బ్యాటరీ ఉండొచ్చు. అది గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే కణజాలాన్ని కాల్చేస్తుంది. ముందు అది కాదని తేల్చుకుంటారన్నమాట.

కళ్లను మాత్రం మరచిపోకూడదు. గొంగళి వెంట్రుక కంట్లో పడితే మెల్లగా లోపలి పొరల్లోకి జరిగే గుణం ఉందని కంటి వైద్యులకు వందేళ్లకు పైగా తెలుసు. కన్ను ఎర్రబడినా, బిడ్డ కన్ను తెరవలేకపోయినా నులమనీయకుండా కంటి డాక్టరుకు చూపించాల్సిందే.

మనొక్కరికే కాదు

ఇది పల్లెటూరి బాధ అనుకుంటే పొరపాటే. అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులు గొంగళి పురుగుల్ని కొరికిన, మింగిన ఎనిమిది మంది పిల్లల గురించి 1999లో వైద్య పత్రికలో రాశారు. అక్కడి చెట్ల మీద కనిపించే 'హికరీ టసాక్' అనే తెల్లటి నూగు పురుగు వారి తంటాకు కారణం. అక్కడి వైద్యులూ పిల్లల నోళ్లలోంచి వెంట్రుకల్ని ఏరి తీయాల్సి వచ్చింది. దక్షిణ అమెరికాలో ఉండే లోనోమియా అనే గొంగళి పురుగు మరీ ప్రమాదకారి. దాని ముళ్లు తగిలితే రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. బ్రెజిల్‌లోని బుటాంటన్ సంస్థ దానికి విరుగుడు సీరం తయారుచేస్తోంది. అదృష్టవశాత్తూ ఆ పురుగు మన దగ్గర లేదు.

అయితే మన చేలల్లో ఇంకో పురుగుంది. కంది, అలసంద, బెండ పూల మీద వాలే పెంకు పురుగు. నల్లటి రెక్కల మీద ఎరుపు, నారింజ రంగు పట్టీలతో ముచ్చటగా ఉంటుంది. నలిగితే చర్మం మీద బొబ్బలు తెప్పించే కాంథారిడిన్ అనే విషం దాని ఒంట్లో ఉంటుంది. దీన్ని మింగితే నోరు, కడుపు పుండ్లుపడతాయి. మూత్రంలో రక్తం పడొచ్చు. మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. విరుగుడు మందు లేదు. సెలైన్ పెట్టి, మూత్రాన్ని, మూత్రపిండాల పనితీరును కనిపెట్టి చూస్తూ కాపాడాల్సిందే. కాబట్టి ఈ పురుగును నోట్లో పెట్టుకున్నాడని అనుమానం వస్తే బిడ్డ హుషారుగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎక్కడికెళ్లాలి?

ఒకప్పుడు ఇలాంటి అవసరం పడితే గద్వాల వాళ్లు కర్నూలుకు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు మహబూబ్‌నగర్‌కో, హైదరాబాద్‌కో పరుగెత్తేవారు. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాబట్టి దూరం వెళ్లేముందు దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికి చేరండి. ఊపిరి సంగతి అక్కడ చక్కదిద్దాక, మత్తిచ్చి గొంతు చూడాల్సిన అవసరం ఉంటే ఎక్కడికి పంపాలో డాక్టర్లే చెబుతారు. వాపు పెరుగుతున్న బిడ్డను బస్సులోనో, బైకు మీదో గంటల తరబడి తిప్పడం ప్రమాదం.

చాప దులిపితే చాలు!

ఇంత కథకూ ముందు జాగ్రత్తలు చాలా చిన్నవి. వానాకాలంలో బిడ్డను దింపేముందు చాప, బొంత దులపండి. చుట్టూ ఓసారి చూడండి. తొట్టెల కట్టేముందు కొమ్మను, కాండాన్ని పరికించండి. కంపల మీద, గోడల మీద ఆరేసిన పిల్లల బట్టల్ని విదిలించి తొడగండి. పచ్చగడ్డి మోపు, ఆకుకూరల కట్ట పిల్లలకు దూరంగా దించండి. మునగచెట్టు మీద పురుగుల గుంపు కనిపిస్తే పిల్లల్ని ఇంట్లో ఉంచి, ఒళ్లు కప్పుకుని వాటిని తొలగించండి. రాత్రి దీపం కింద రాలిన పురుగుల్ని పొద్దున్నే, పిల్లలు లేవకముందే ఊడ్చేయండి.

పొలంలో చేసే పని ఇంటికీ రక్షే. వేసవిలో లోతు దుక్కి దున్నితే మట్టిలో నిద్రపోయే కోశాలు బయటపడి ఎండకు, పక్షులకు బలైపోతాయి. తొలకరి వానల తర్వాత ఊరంతా కలిసి దీపపు ఎరలు పెడితే, గట్ల మీద మంటలు వేస్తే తల్లి పురుగులు గుడ్లు పెట్టకముందే పోతాయి. దండు కదిలే దారిలో చాలు తీసి, జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేసి వాటిని అక్కడే మట్టుపెట్టడం రైతులకు తెలిసిన ఉపాయమే. ఒక్కరు చేస్తే లాభం లేదు... నలుగురూ చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ సంగతి బిడ్డను చూసుకునే అందరికీ తెలియాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేది అమ్మానాన్నలే అయినా పురుగు నోట్లోకి వెళ్లే క్షణంలో పక్కన ఉండేది చాలాసార్లు నానమ్మో, తాతయ్యో, ఆరేళ్ల అక్కో! ఈ పేజీ చదివాక వాళ్లకూ ఓసారి చదివి వినిపించండి.

అప్పుడు ఆ వాకిట్లో కథ మరోలా ముగుస్తుంది. నానమ్మ వేలు బిడ్డ నోటి దాకా వెళ్లేలోగా కోడలు పరుగున వస్తుంది. "అత్తమ్మా, ఏలు వెట్టకుండ్రి! పిలగాన్ని నిటారుగ ఎత్తుకోండ్రి. దవాఖానకు పోదాం" అంటుంది. మర్నాడు పొద్దున్నే బుడతడు మళ్లీ వాకిట్లోనే ఉంటాడు. కాకపోతే ఈసారి చాప దులిపి ఉంటుంది. నానమ్మ చేతిలో చిక్కుడుకాయలున్నా... చూపు మాత్రం మనవడి మీదే!